మెతుకులతో అంటించిన ఉత్తరాలు

అసియెండా మగ్దలేనా చెరకు తోట, నీగ్రోస్ దీవి
జూన్ 9, 1985

నెమెసియో, నా పిచ్చి తమ్ముడా,

నువ్వు బతికే ఉన్నావని పెర్పా పిన్ని చెప్పింది. చేపల బుట్ట దించి, నా కూతురు కొరీతా చేతిలో ఒక ఎండుచేప పెట్టి, నా చెవి దగ్గర "మీవాడు గడ్డం పెంచాడే, అచ్చం మేకపోతులా ఉన్నాడు" అంది. పది నెలల తర్వాత నీ గురించి విన్న మొదటి మాట అది. నవ్వొచ్చింది. వెంటనే భయమేసి వాకిలి వైపు చూశాను.

నువ్వు మనీలా ఓడరేవులో మూటలు మోస్తున్నావనే ఊళ్లో చెబుతున్నాను. అందరూ అలాగా అంటారు, ఒక్కరూ నమ్మరు. ఇంకొకరి కొడుకు కూడా ఇలాగే మనీలా వెళ్లాడు, ఇంకొకరి మొగుడూ వెళ్లాడు. మనీలాలో ఇంతమందికి చోటుందో లేదో. మా ఆయన మాత్రం నిజంగానే మిందనావ్‌లో కలప కోస్తున్నాడు, అయినా ఆయన మాటే ఎవరూ నమ్మడం లేదు.

ఈ ఏడు కూడా చెరకు నాటలేదు. పంచదార ధర పడిపోయిందని దొర తోటలన్నీ బీడు పెట్టి, తాను బకోలోద్ పట్నంలో కూర్చున్నాడు. పస్తుల నెలలు మనకు కొత్త కాదు. ఇదివరకు ఏడాదికి నాలుగు ఉండేవి, ఇప్పుడు పన్నెండూ అవే. నాన్న ఊరుకోవడం లేదు. మరో నలుగురు ముసలివాళ్లను వెంటేసుకుని వాగు అవతలి బీట్లో చిలగడదుంప తీగ నాటాడు. కాపలావాళ్లు పీకేశారు. మళ్లీ నాటాడు. మేస్త్రీ ఇంటికే వచ్చి చెప్పాడు: "గడ్డి మొలిస్తే దొరగారికి ఇబ్బంది లేదు. దుంప మొలిస్తేనే ఇబ్బంది. ఇవాళ దుంప అంటారు, రేపు నేల మాదంటారు." నాన్నకు ఆ ఎడమ చెవి వినపడదు కదా, అటువైపే తిప్పి కూర్చున్నాడు.

నాకు ఒక్క సంగతి చెప్పు. కోపంతో వెళ్లావా, ఎవరైనా తీసుకెళ్లారా? ఆ అడవిలో ఉండి ఏం సాధిద్దామని? పాఠాలు అప్పజెప్పకు. నీ వాక్యాలేవో, నీకు నేర్పినవేవో నేను పట్టేయగలను.

ఇంట్లో జిగురు లేదు. అమ్మలాగే నాలుగు మెతుకులు నలిపి అంటిస్తున్నాను. కొరీతా ఆ మెతుకుల వైపే చూస్తోంది. చదివి పొయ్యిలో పెట్టు.

నీ అక్క,
సల్వా

*

కొండ మీద
జూన్ 21

అక్కా,

ముందు మెతుకులు గోకి తిన్నాను, తర్వాతే ఉత్తరం చదివాను. తిట్టుకో. ఇక్కడ మూడు రోజులుగా అరటి దవ్వ ఉడకబెట్టుకుని తింటున్నాం.

నన్నెవరూ తీసుకెళ్లలేదు. పోయిన ఆగస్టులో ఒకే వారంలో మూడు పసిపిల్లల శవపెట్టెలు మోశాను, నీకు గుర్తుండే ఉంటుంది. మూడోది కార్డింగ్ వాళ్ల పాప. పెట్టె ఎత్తితే బరువే లేదు. లోపల బిడ్డను పెట్టడం మరిచారేమో అనిపించి, దారిలో ఆగి పెట్టెను కొంచెం కదిపాను. ఉంది. ఆ కదిలిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది. తిరిగి వస్తుంటే కంచెకు అవతల దొరగారి బీడు, కొండ దాకా మనిషెత్తు గడ్డి. ఆ గడ్డి చూసి వెళ్లిపోయాను. ఇది నా వాక్యమే.

ఇక నాకు నేర్పినవి. దున్నేవాడికే భూమి. దొరలకు కాపలా కాసే సర్కారు పోవాలి, మనలాంటివాళ్ల సర్కారు రావాలి. ముందు కొండలు, తర్వాత పల్లెలు, ఆఖరికి పట్నాలు. ఇవి నేర్పినవే అయినా నేను నమ్ముతున్నాను. మా దళంలో ఒక తాత ఉన్నాడు, జపాన్ వాళ్ల మీద తుపాకీ పట్టినవాడు. "మీ నాన్నల రోజుల్లోనూ ఈ నేలే అడిగాం. మీ పిల్లలూ ఇదే అడుగుతారు, అలవాటు చేసుకోండి" అంటాడు. కుర్రాళ్లు నవ్వుతారు. ఆయన నవ్వడు.

మేం దొరల్లా కాదక్కా. ఊరికే ఎవరి జోలికీ పోం. తప్పు చేసినవాడిని పిలిచి అడుగుతాం, ఒకసారి చెబుతాం, రెండోసారీ చెబుతాం. మమ్మల్ని సైన్యానికి పట్టించేవాడికి మాత్రం రెండోసారి ఉండదు. అది ఉంటే మేం ఉండం.

భయం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. వానలో ఆకు కదిలినా లేచి కూర్చుంటాను. నాన్నను కొంచెం ఆపి చూడు. నావల్ల కాలేదు, నీవల్లనైనా అవుతుందేమో.

నెమె

*

అసియెండా మగ్దలేనా
ఆగస్టు 5

తమ్ముడూ,

నాన్న లేడు.

శనివారం పొద్దున దుంపలు తవ్వడానికి వెళ్లాడు. కాపలావాడు బెర్నాల్ గట్టు మీద నుంచి ఆగమని అరిచాడట. ఏ చెవి వైపు అరిచాడో. సంచి నింపుకుని ఎత్తుకోబోతూ వంగాడు, అలాగే పడిపోయాడు. వీపులో రెండు. తర్వాత సైనికులు వచ్చి, ఇతను కొండవాళ్ల మనిషి అని కాగితం రాసుకుపోయారు. అరవై మూడేళ్ల మనిషి, చేతిలో గునపం. సంచిని ఎవరూ ముట్టుకోలేదు. నాన్నతో పాటు దాన్నీ ఇంటికి తెచ్చాం.

పెట్టె మూత మీద కోడిపిల్లను వదిలాం. హత్య అయినవాడికి అది చెయ్యాలి కదా. అది గింజ పొడిచినప్పుడల్లా చంపినవాడి గుండెలో పొడుస్తుందంటారు. అందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. నిన్న సాయంత్రం బెర్నాల్ మన గుమ్మం ముందు నుంచే సైకిల్ మీద వెళ్లాడు, ఈల వేసుకుంటూ. కోడిపిల్ల మాత్రం పొడుస్తూనే ఉంది.

సమాధి ఆదివారం. అప్పటిదాకా జాగారం. నిన్ను రావద్దని రాయాలనే కూర్చున్నాను. రాసినా వస్తావు, నాకు తెలుసు. వచ్చేట్టయితే శుక్రవారం పొద్దుగూకే వేళకు రా. జపమాలకు చెరకు కూలీలంతా టోపీలతో గుంపుగా వస్తారు, ఆ గుంపులో రా. నాన్న ముఖం చూడు, నాతో మాట్లాడకు, పావుగంటలో వెళ్లిపో.

ఒక్క మాట విను. ఎంత తొందరున్నా చావింటి నుంచి నేరుగా నీ చోటుకు పోకు. దారిలో ఎక్కడైనా ఆగి దులుపుకోవాలి. నీకు నమ్మకం ఉన్నా లేకపోయినా సరే, అక్కడున్నవాళ్లు కూడా ఎవరో కన్న పిల్లలే, వాళ్ల మధ్యకు చావును వెంటబెట్టుకుపోకు. కూడలిలో తోమాసా అవ్వ రొట్టెల కొట్టు దగ్గర ఆగు. ఒక రొట్టె తిని అప్పుడు కొండెక్కు. మనింటి నుంచి వెళ్లేవాళ్లంతా అక్కడే ఆగుతున్నారు, నిన్నెవరూ పట్టించుకోరు.

పెర్పా పిన్ని కొడుకు డోమెంగ్‌ను పది రోజుల కింద సైనికులు క్యాంపుకు పట్టుకుపోయారు. ఆమె చేపలమ్మడం మానలేదు, మాట్లాడటం మానేసింది. అంత బాధలోనూ ఈ ఉత్తరం నేనే పట్టుకుపోతానంది. అలాంటి మనుషులు ఉండబట్టే బతుకుతున్నాం.

సల్వా

*

కొండ మీద
ఆగస్టు 7

అక్కా,

నాన్నను ఆపమని నీకు చెప్పాను చూడు, ఆ మాట రాసిన చేతిని నరుక్కోవాలనిపిస్తోంది. నువ్వేం చేస్తావు. ఆయన ఆగే రకం కాదు.

శుక్రవారం వస్తాను. రొట్టెల కొట్టు దగ్గరా ఆగుతాను, నీ కోసం. మా దళంలో తాత కూడా అదే అన్నాడు, పాఠాలన్నీ చెప్పే మనిషి, దులుపుకోకుండా వస్తే నా పక్కన పడుకోనివ్వను అన్నాడు.

ఈ ఉత్తరం బొగ్గుల అందోయ్ తాతతో పంపుతున్నాను. పెర్పా పిన్ని నీ ఉత్తరం చేతిలో పెట్టి, నిలబడకుండా దిగిపోయింది. జవాబు రాసేదాకా ఆగమంటే వినలేదు. కొడుకు బెంగ కాబోలు.

ఇంత ఏడుపులోనూ ఒకటి రాయాలనిపించింది. ఈసారి మెతుకులు లేవు. కవరు అంచున తెల్లటి ఆఫీసు జిగురు, నున్నగా మెరుస్తోంది. అలవాటుగా గోకి నోట్లో పెట్టుకుని ఉమ్మేశాను. ఫాదరుగారి కార్యాలయంలో అడుక్కున్నావా? మెతుకులే నయం.

నెమె

*

అసియెండా మగ్దలేనా
ఆగస్టు 8, గురువారం

నెమెసియో,

రావద్దు. మిగతాది తర్వాత చదువు, ముందు ఈ మాట పట్టుకో. రావద్దు.

మనింట్లో జిగురు లేదు. మెతుకులూ లేవు, బియ్యం అయిపోయి ఎనిమిది రోజులైంది. నాన్న తవ్విన దుంపల్లో ఒకటి ఉడకబెట్టి, చిటికెడు నలిపి, దానితో అంటించాను. నేను ఏ కార్యాలయానికీ వెళ్లలేదు. నీకు అందిన జిగురు నాది కాదు.

నీ ఉత్తరం చదివి మడిచి దాచాను. నాన్న పెట్టె చుట్టూ ఇరవై మంది ఉన్నారు, ఎవరి వైపు చూడాలన్నా భయమేసింది. తర్వాత జాగారానికి రొట్టెలు చెప్పే వంకతో కూడలికి వెళ్లాను. కొట్టు బయట బల్ల మీద ఇద్దరు కొత్తవాళ్లు కూర్చుని రొట్టె తుంచుకుంటున్నారు. పొట్టి లాగులు, రబ్బరు చెప్పులు. కానీ మోకాలి కింద నల్లగా ఉండి, చీలమండ దగ్గర నుంచి పాదం తెల్లగా ఉంది. రోజూ బూట్లు తొడిగేవాళ్ల కాళ్లవి. తోమాసా అవ్వ నా ముఖం చూడకుండా ఎన్ని రొట్టెలు కావాలంది. ఎన్ని చెప్పానో గుర్తు లేదు.

ఆ కొట్టు పేరు రాసింది నేను. రోజు రాసింది నేను. నిన్ను చావు నుంచి తప్పిద్దామని చావు చేతిలో పెట్టబోయాను.

ఈ ఉత్తరం అందోయ్ తాత నడుం గుడ్డలో ఉంది. తన గుర్రాన్ని కొట్టి కొట్టి పైకి తోలుకుపోతానన్నాడు. ఎవరు ఏమిటి అని నన్ను అడగకు. నాకెవరి మీదా అనుమానం లేదు. నేనెవరి పేరూ రాయలేదు, రాయను. నువ్వు రాకుండా ఉంటే చాలు.

సల్వా

*

ఆగస్టు 19

సోదరి సల్వాకు,

ఆదివారం పెద్దగుట్ట మీద నుంచి చూశాను. పెట్టె అగ్గిపెట్టంత కనిపించింది. ఎవరు మోస్తున్నారో ఆనవాలు పట్టలేకపోయాను.

శుక్రవారం కొట్టు వెనక ఇంకో ఎనిమిది మంది ఉన్నారని తర్వాత తెలిసింది. నా ఎత్తున్న కూలీనొకణ్ని టోపీ చూసి పట్టుకుని, పళ్లూడగొట్టి వదిలారు. నువ్వు రాయకపోతే నేను లేను.

జరిగిన విషయాన్ని దళంలో చర్చించాం. నువ్వు పేరు చెప్పలేదు. చెప్పనవసరం లేదు. నీ చేతికీ నా చేతికీ మధ్య ఉన్నది ఒక్కటే చెయ్యి. ఉద్యమ భద్రతకు హాని చేసినవారి విషయంలో ప్రజల తీర్పు ఒకటే విధంగా ఉంటుంది. వ్యక్తిగత సంబంధాలకు ఇందులో చోటు ఉండకూడదు. విచారణకు ఇద్దరిని నియమించారు. ఈ విషయం నువ్వు ఎవరితోనూ ప్రస్తావించవద్దు.

ఆరోగ్యం జాగ్రత్త.

నెమెసియో

*

అసియెండా మగ్దలేనా
ఆగస్టు 26

నెమె,

సోదరి ఎవర్రా? నేను నీ అక్కను. ఆ ఉత్తరంలో మొదటి నాలుగైదు వాక్యాలు నీవి. పెట్టె అగ్గిపెట్టంత ఉందన్నావు చూడు, అక్కడున్నది నువ్వే. తర్వాతిది ఎవరు చెబితే రాశావు?

నిన్న పెర్పా పిన్ని ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే తలుపు గడియ పెట్టి కింద కూర్చుంది. నేనేమీ అడగలేదు. ఆమే చెప్పింది. క్యాంపుకు డోమెంగ్‌ను చూడటానికి వెళ్తే వాణ్ని చూపించలేదట. ఒక కాగితం పొట్లం చేతిలో పెట్టారు. విప్పితే గోళ్లు. నెలకు ఒక్క ఉత్తరం చూపించి పోతే చాలు, మిగతావి వాడి వేళ్లకే ఉంటాయి అన్నారు. ఆమెకు చదువు రాదు. అందులో ఏముందో తెలియదు. కెటిల్ ఆవిరి మీద పెట్టి విప్పుతుంటే చూస్తూ నిలబడింది. అంటించింది కూడా వాళ్లే, దుంప రాలిపోయిందని.

"నీ తమ్ముడికి పాలిచ్చాను. నా కొడుక్కీ ఇచ్చాను. ఏ రొమ్ము కోసుకోమంటావే సల్వా?" అంది. కొరీతా ఆ ఇంటి వాకిట్లో ఆడుకుంటోంది. ఆమె దానికి బాప్తిస్మం నాడు ఎత్తుకున్న జ్ఞానతల్లి. ఆ రోజు పొట్లం నా చేతిలో పెట్టి ఉంటే నేను ఏం చేసేదాన్నో నాకు తెలియదు. నీకు తెలుసా?

అమ్మకు పాలు ఇంకిపోయిన ఏడు నువ్వు బతికింది ఆమె వల్ల. అది వ్యక్తిగత సంబంధమేనా, చెప్పు.

తప్పు చేసినవాడిని పిలిచి అడుగుతాం అని జూన్‌లో రాశావు. అడుగు. నాన్నను కాల్చినవాడు అడగలేదు. మీరు కూడా అడగకపోతే ఆ బీడు దున్నుకోవడానికి ఎవరు వచ్చినా నాకొకటే. దీవి దాటించు, సెబూలో ఆమె చెల్లెలు ఉంది, నేనే తీసుకెళ్లి పడవ ఎక్కిస్తాను. ఒక్క వారం గడువు ఇప్పించు.

రాత్రి కుక్క మొరిగితే ఇదివరకు సైనికులేమో అని భయపడేదాన్ని. ఇప్పుడు నువ్వేమో అని భయపడుతున్నాను. అక్కతో ఈ మాట రాయించావు.

సల్వా

*

సెప్టెంబర్ 2

అక్కా,

నీ ఉత్తరం ఆదివారం అందింది. శనివారమే అయిపోయింది.

అందోయ్ తాత వారానికొకసారే వస్తాడు. పెర్పా పిన్నికి ఇచ్చి ఉంటే ఒక్క రోజులో అందేది. రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతున్నది ఇదొక్కటే.

నేను వద్దన్నానని రాస్తే నువ్వు నమ్ముతావు. అందుకే రాయడం లేదు.

నెమె

*

అసియెండా మగ్దలేనా
సెప్టెంబర్ 7

తమ్ముడూ,

ఆమెను చెరువు గట్టు మీద వదిలారు. మెడలో అట్టముక్క కట్టారు. చదివినవాళ్లంతా తల తిప్పుకున్నారు. ఆమెకు మాత్రం చదువు రాదు, తన మెడలో ఏం రాసి ఉందో తెలియకుండానే పోయింది.

సోమవారం డోమెంగ్‌ను వదిలేశారు. ఇక వాడితో పని లేదు కదా. రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని పెట్టె పక్కన కూర్చున్నాడు. ఎవరు చంపారో వాడు అడగలేదు. నేను కాఫీ గిన్నె వాడి నోటికి అందించాను, వాడు తాగాడు. నా వల్లే ఇదంతా అని నోటిదాకా వచ్చింది, భయమేసి మింగేశాను. పేరు రాయలేదని ధైర్యంగా ఉన్నాను, చూడు. ఒక్క చెయ్యి మోసుకెళ్లిన ఉత్తరం గురించి నా జిగురు కాదని రాస్తే పేరు రాసినట్టేనని నాకు తట్టలేదు. లేక తట్టిందేమో. నిన్ను ఎంచుకుని ఆమెను వదిలేశానేమో. ఈ మాట నీకు తప్ప ఎవరికి రాసుకోను.

ఆమె పెట్టె మీద ఎవరూ కోడిపిల్లను పెట్టలేదు. సైనికులు చంపితే పెట్టడానికి ఊరంతా వస్తుంది. మీరు చంపితే ఎవరికీ ధైర్యం చాలదు. మూడో రోజు దాకా చూశాను. తర్వాత ఇంటికెళ్లి మనదే తెచ్చాను. నాన్న పెట్టె మీదిదే, కొరీతా పెంచుకుంటోంది, నెల రోజుల్లో రెక్కలొచ్చాయి. అందరూ చూస్తుండగా మూత మీద వదిలి నాలుగు గింజలు చల్లాను. డోమెంగ్ దానికేసి చూశాడు, తర్వాత నాకేసి చూశాడు. అది పొడవడం మొదలుపెట్టింది.

బెర్నాల్‌కు ఏమీ కాలేదు, ఇప్పటికీ ఈల వేసుకుంటూనే తిరుగుతున్నాడు. నీకేమైనా అయిందా? అయి ఉండాలని కోరుకున్నాను. తర్వాత, కాకూడదని కూడా కోరుకున్నాను. రెండూ ఒకే జపమాల మీద.

నువ్వు అడిగిన నేల నీకు రావాలి. కార్డింగ్ వాళ్ల పాప కోసం రావాలి. నాన్న దుంపల కోసం రావాలి. ఆ మాట నేను వెనక్కి తీసుకోను. కానీ అది వచ్చిన రోజు పెర్పా పిన్ని వాటా ఎవరికిస్తారో మీ చర్చలో అడుగు.

జాగారంలో ఆకులో అన్నం పెట్టారు. చావింటి అన్నం ఇంటికి తేకూడదంటారు, తెలిసే నాలుగు మెతుకులు రుమాలులో కట్టుకొచ్చాను. ఈ కవరు వాటితోనే అంటిస్తున్నాను. ఈసారి గోకి తినకు.

కొరీతా నువ్వెప్పుడు వస్తావని అడుగుతోంది. తలుపు దగ్గరికే వేసి ఉంటుంది, గడియ పెట్టను, నీ చాప చుట్టి అటక మీదే ఉంది. ఎప్పటికైనా వస్తావు, ఇంకెక్కడికి పోతావు. కానీ చావింటి నుంచి నేరుగా ఇంటికి రాకూడదు, ఎక్కడో ఆగాలి. ఎక్కడ ఆగాలో ఈసారి నేను చెప్పను. ఎన్నాళ్లు ఆగితే రాలుతుందో నాకు తెలియదు.

నేరుగా మాత్రం రాకు, తమ్ముడూ.

నీ అక్క